భద్రయ్య బాబాయ్ తిన్న ఇంగ్లీషు భోజనం

మనవాళ్ళు సముద్రం దాటి పనులకి వచ్చే బూన్ లేలో ఇప్పటికీ చెప్పుకుంటారు. భద్రయ్య అని ఒక వంటవాడు ఉండేవాడనీ, ఓడల్లో ఇంగ్లీషు కెప్టెన్లకి వండి వండి వాళ్ళ తిండికి అలవాటు పడిపోయాడనీ, మన కూడు ముట్టేవాడు కాదనీ, చివరికి లండన్ నుంచి వచ్చిన ఒక దొర అతని చేతి వంట తిని, ఉద్యోగమిచ్చి వెంట తీసుకుపోయాడనీ. తువాస్ షిప్‌యార్డులో పనిచేసే కొండయ్య ఇంకో అడుగు ముందుకేసి, భద్రయ్య లండన్లో కోటు తొడుక్కుని దిగిన ఫోటో కూడా చూశానంటాడు.

ఆ ఫోటో నేను చూడలేదు. మిగిలింది చాలావరకు చూశాను.

మా నాన్న వెంకటరాజుది తుని దగ్గర ఊరు. బూన్ లేలో ఒక ఫ్లాట్ల బ్లాకు కింద, వరసగా తిండి స్టాళ్ళున్న కాఫీషాపులో ఒక స్టాలు అద్దెకు తీసుకుని తెలుగు భోజనం పెట్టేవాడు. భద్రయ్య బాబాయ్ అక్కడ ఏడేళ్ళు వండాడు. ఆయన మాకు చుట్టం కాదు, శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు మనిషి. నేను తొమ్మిదో తరగతి మధ్యలో తుని నుంచి వచ్చాను. ఇక్కడి బడిలో ఇంగ్లీషు అందక ఏడాదికే మానేసి, ఉల్లిపాయలు తరగడానికీ గిన్నెలు తోమడానికీ స్టాలుకి వెళ్ళేదాన్ని. వంట చేసే చోట తలుపు పక్కన నా పీట ఉండేది. అక్కడ కూర్చుంటే నేను ఎవరికీ కనబడను, నాకు అందరూ కనబడతారు.

రెండువేల సంవత్సరంలో జురాంగ్ ఆఫీసులకి మనవాళ్ళు నెలనెలా కొత్తగా దిగుతుండేవారు. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా మెడలో కార్డులు వేలాడేసుకుని గుంపులుగా వచ్చేవారు. ఒకడు పరుగున వచ్చి టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేస్తే, అంటే ముందే పట్టి ఉంచితే, మిగిలినవాళ్ళు వరసలో నిలబడేవారు. బాబాయ్ పెట్టే చేపల పులుసు కోసం శనివారాలు పాయా లేబర్ నుంచి కూడా రైలెక్కి వచ్చేవారు. ఆ పులుసులో చింతపండు కంటే ముందు మిరపకాయ మాట్లాడేది. తింటూ ముక్కు తుడుచుకునేవాళ్ళు, తుడుచుకుంటూ ఇంకో గరిటె అడిగేవాళ్ళు.

మూడింటికి జనం పలచబడేది. అప్పుడు బాబాయ్ ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, చివరి స్టాలు వైపు నడిచేవాడు. అది ఫూ అంకుల్ అనే ముసలి చైనా ఆయనది, బోర్డు మీద వెస్టర్న్ ఫుడ్ అని ఉండేది. బాబాయ్ ఎక్కడ కూర్చుంటాడో, ఏం తింటాడో ఆయనకి చెప్పక్కర్లేదు. ఉడికించి మెత్తగా మెదిపిన బంగాళాదుంప, బఠాణీలు, ఆవిరి మీద ఉడికిన చేప ముక్క, పాలలో నానిన రొట్టె. మిరియాల పొడి కూడా ఉండదు. ఏడేళ్ళూ అదే పళ్ళెం. మెల్లగా, తల ఎత్తకుండా, ఏదో ఫారం నింపుతున్నట్టు తినేవాడు.

వండినవాడు తను వండింది తినకపోతే జనం ఊరుకుంటారా? ఒక ఆదివారం కొండయ్య అడిగేశాడు.

"ఏం భద్రయ్యా, మన కూడు గొంతు దిగదా నీకు?"

"ఓడల్లో అలవాటైపోనాది" అన్నాడు బాబాయ్.

ఆ ఒక్క మాట చాలింది. వారం తిరిగేసరికి ఆయన ఇంగ్లీషు కెప్టెన్ దగ్గర ఇరవై ఏళ్ళు వండినవాడయ్యాడు. ఆఫీసు కుర్రాళ్ళలో కరీంనగర్ నుంచి వచ్చిన నవనీత్ అని ఒకతను ఉండేవాడు, మనసులో ఏదీ ఉంచుకోలేడు.

"మామా, నీకేం పట్టిందే? జ్వరమొచ్చినోనికి పెట్టే తిండిని ఆ ఇంగ్లీషోళ్ళు పండుగకు తింటరు. నువ్వు దినాం తింటున్నవ్."

"మీకు తెలవదు బాబూ, దాని సుకం" అనేవాడు బాబాయ్. నవనీత్ నవ్వేవాడు, బాబాయ్ కూడా నోరు తెరవకుండా నవ్వేవాడు.

మా నాన్న మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత దొరల వంటవాడు మా స్టాల్లో ఉన్నాడన్న పేరు వచ్చాక ఊరుకున్నాడు. ఇంకొక సంగతి కూడా నాన్నకి నచ్చేది. బాబాయ్ ఏ కూరా రుచి చూసేవాడు కాదు. మనవాళ్ళెవరైనా గరిటెతో అరచేతిలో ఓ చుక్క వేసుకుని నాలిక్కి తగిలిస్తారు కదా, అదీ లేదు. "దేవుడికి సూపించకుండా ఎంగిలి సెయ్యకూడదండీ" అని గోడమీద పటం ముందు చిన్న గిన్నె పెట్టి దణ్ణం పెట్టుకుని, తర్వాత నన్ను పిలిచేవాడు. "కుమారమ్మా, ఉప్పు సూడు." నేను చూసి చెప్పేదాన్ని. "అంత భక్తి ఈ రోజుల్లో ఎవరికుంది?" అని నాన్న అందరితోనూ చెప్పేవాడు.

ఆ ఏడాది ఆగస్టులో ఒకరోజు గిన్నెలు కడగడానికి వెనకవైపు కుళాయి దగ్గరకి వెళ్ళాను. బాబాయ్ గోడకి ఆనుకుని, ఒక చేత్తో చిన్న అద్దం, ఇంకో చేత్తో టార్చిలైటు పట్టుకుని, తల వెనక్కి వంచి తన నోట్లోకి తనే చూసుకుంటున్నాడు. నోరు సగమే తెరుచుకుంది. అంతకంటే తెరుచుకోవడం లేదు. పై అంగిలి మీద సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, మధ్యలో రూపాయి బిళ్ళంత ఎర్రటి పుండు.

నన్ను చూసి అద్దం దించాడు.

"సూసీసినావేటమ్మా."

నేను తల ఊపాను.

"మీ నాన్నకి సెప్పీకు."

తర్వాత అక్కడే తిరగేసిన బక్కెట్టు మీద కూర్చుని చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళూ, పడవ మీద వెళ్ళే మగవాళ్ళూ చుట్ట తిరగేసి తాగుతారట, నిప్పు నోట్లోకి పెట్టుకుని. దాన్ని అడ్డపొగ అంటారు. సముద్రం గాలికి చుట్ట ఆరకుండా ఉండాలంటే నోరే దానికి అడ్డు. వాళ్ళమ్మ దగ్గర చూసి పదేళ్ళప్పుడు నేర్చుకున్నాడు. ఈ దేశం వచ్చాక ఆ చుట్టలు దొరకక మానేశాడు గానీ, అప్పటికే అంగిలి కాలిపోయింది. కారం తగిలితే మళ్ళీ నిప్పు పెట్టుకున్నట్టే ఉంటుందట.

"తెల్లోడి తిండి తింటాడని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నోట్లో పుండున్నోడంటే వంటకాడికి రానిస్తారేటి?" అన్నాడు. "సెప్టెంబర్లో పని పర్మిట్టుకి మెడికలున్నాది. నాకు నలభైఎనిమిది. యాభై దాటితే ఇంకియ్యరు. ఇదే ఆకరిది. రెండేళ్ళు సాలమ్మా. మా తమ్ముడి పడవకి ఇంజను ఎక్కుతాది. అప్పుడెల్లి గంజి తాగి కూకుంటాను."

చెప్పనన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగరు కాబట్టి మాట దాచడం నాకు పెద్ద పని కాదు అనుకున్నాను.

రెండు వారాల తర్వాత నవనీత్ వాళ్ళ మేనేజరు కృష్ణప్రసాద్ మా నాన్న దగ్గరకి వచ్చాడు. కౌంటరు మీద మోచేతులు పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"రాజుగారూ, లండన్ నుంచి మా క్లయింట్ ఆయన వస్తున్నాడండి. పోయినసారి వచ్చినాయనకి మావాళ్ళు ప్రేమ కొద్దీ గోంగూర పెట్టారు. రెండ్రోజులు హోటల్ రూమ్ దాటలేదు పాపం. ఈసారి రిస్క్ వద్దు. ఇంగ్లీషు భోజనమే పెట్టాలి."

"టౌన్లో పెద్ద హోటళ్ళున్నాయి కదండీ."

"నేనూ అదే అన్నాను. మీ టీమ్ రోజూ ఎక్కడ తింటుందో అక్కడే తింటానని కూర్చున్నాడు. అయినా మీకేం, కెప్టెన్లకి వండిన మనిషి మీ దగ్గరున్నాడుగా."

నాన్న మొహం వెలిగింది. వెనక్కి తిరిగి "ఏవయ్యా భద్రయ్యా" అన్నాడు.

బాబాయ్ ఒక్క క్షణం గరిటె ఆపాడు. కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతారు. ఆ ప్రశ్న వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. "అలగే బాబూ" అన్నాడు.

కృష్ణప్రసాద్ వెళ్ళాక నా పీట దగ్గర వంగి ఉల్లిపాయ తీసుకుంటూ అన్నాడు. "ఓడలో నాను సేపలు తోమినాను, దుంపలు సెక్కినాను. ఒండినోడు గోవా ఆయన. అదీ రెండేళ్ళే."

ఆ రోజు మూడింటికి పళ్ళెం ముందు కూర్చుని తినకుండా ఫూ అంకుల్ వైపు చూస్తూ ఉండిపోయాడు. నన్ను కూడా రమ్మన్నాడు, వచ్చీరాని ఇంగ్లీషు ఇద్దరిదీ కలిస్తే ఒక మనిషిదవుతుందని. ఇంగ్లీషువాళ్ళ భోజనం వండడం నేర్పమని అడిగాం.

ఫూ అంకుల్ ముందు వేరే మాట అడిగాడు. "యూ ఎవ్రీడే ఈట్ సేమ్ సేమ్. నాట్ సియన్ ఆ?"

సియన్ అంటే విసుగు. ఈ ఊళ్ళో రోజుకి పదిసార్లు వినబడే మాట.

"సియన్ లా, అంకుల్" అన్నాడు బాబాయ్.

ఫూ అంకుల్ గుడ్డతో చేతులు తుడుచుకుని, స్టాలు లోపలికి రమ్మన్నాడు. అప్పుడు తెలిసింది. ఇక్కడికి దగ్గర్లోనే టెంగాలో ఇంగ్లీషువాళ్ళ విమానాల స్థావరం ఉన్న రోజుల్లో, వాళ్ళ ఆఫీసర్ల వంటింట్లో ఆయన పదకొండేళ్ళు వండాడు. వాళ్ళు ఈ దేశం వదిలి వెళ్ళిపోయాక ఈ స్టాలు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు భోజనం కోసం కృష్ణప్రసాద్ మా కౌంటరు దగ్గరకి వచ్చాడు. అది ముప్పై అడుగుల దూరంలో ఉంది. నిజంగా దొరలకి వండిన మనిషి గురించి మాత్రం ఎవరూ ఏ కథా చెప్పుకోలేదు.

మూడు మధ్యాహ్నాలు నేర్పాడు. చేపకి పిండి ఎంత మందంగా పట్టాలో, ఉల్లిపాయలు ఎంత ఎర్రబడితే గ్రేవీకి ఆ రంగు వస్తుందో, మిగిలిన రొట్టె ముక్కలతో పుడ్డింగు ఎలా చెయ్యాలో. ఉప్పు చూసే పని నాదే. నా నాలుకకి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఫూ అంకుల్ తల ఊపితే సరిపోయిందనుకునేదాన్ని.

శుక్రవారం దొర వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎండకి ముక్కు ఎర్రబడిపోయి ఉన్నాడు. పది మంది రెండు టేబుళ్ళు కలుపుకుని కూర్చున్నారు. ఫూ అంకుల్, బాబాయ్ కలిసి వండింది నేను మోసి పెట్టాను. దొర మాట్లాడకుండా పళ్ళెం ఖాళీ చేశాడు. మా నాన్న తట్టుకోలేక కృష్ణప్రసాద్‌ని అడగమన్నాడు. కృష్ణప్రసాద్ అడిగి, విని, తెలుగులో చెప్పాడు.

"చిన్నప్పుడు వాళ్ళ బళ్ళో ఇదే పెట్టేవాళ్ళంటండీ. అచ్చం ఇలాగే ఉండేదంట."

"అంటే బావుందన్నాడా, బాలేదన్నాడా?"

"అది చెప్పలేదండి."

కుర్రాళ్ళ పళ్ళేలు మాత్రం తరగలేదు. టేబుల్ కింద నవనీత్ కారప్పొడి డబ్బా చేతులు మారుతోంది. వాళ్ళమ్మ కరీంనగర్ నుంచి పంపిన పొడి అది, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి. ఒకడు దొర అటు తిరిగినప్పుడు చల్లుకుని, ఇటు తిరిగేసరికి పక్కవాడికి అందిస్తున్నాడు.

అప్పుడు దొర వంటవాడిని చూడాలన్నాడు. నాన్న బాబాయ్‌ని పిలుచుకొచ్చి, కుర్చీ లాగి, "కూర్చో, ఆయనతో కలిసి తిను. నీకు అలవాటైన భోజనమే కదా" అన్నాడు. నవనీత్ అప్పటికే పళ్ళెం సిద్ధం చేశాడు. దుంపల్లో కారం వేసి బాగా కలిపేశాడు, తెల్లగా ఉండాల్సింది ఎర్రమట్టి రంగులో ఉంది.

"ఇగో మామా, నీ దొర తిండే. జర మనది గూడ కలిపిన. ఏడేండ్ల సంది మనోళ్ళకు పెడ్తున్నవ్, ఇయ్యాల నా చేతితోటి తిను."

ప్రేమగానే అన్నాడు. అందులో చెడు లేదు.

బాబాయ్ పళ్ళెం చూశాడు. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూశాడు. మెడికల్‌కి ఇంకా పదకొండు రోజులున్నాయి. నేను దగ్గరికి వెళ్ళాను. "బాబాయ్, అది చల్లారిపోయింది, వేరేది తెస్తాను" అని పళ్ళెం పట్టుకున్నాను.

"ఉండవే, పెద్దవాళ్ళ మధ్య" అన్నాడు నాన్న.

నేను చెయ్యి తీసేశాను.

బాబాయ్ తిన్నాడు. ఏడు చెంచాలు. మూడో చెంచాకే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, ఆపలేదు. నమలకుండా మింగుతున్నాడని నాకు తెలుస్తోంది. నవనీత్ నవ్వు ఆగిపోయింది. దొర కుర్చీలో ముందుకి జరిగి బాబాయ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఓడ రోజులు గుర్తొచ్చినట్టున్నాయి" అన్నాడు కృష్ణప్రసాద్.

దొర ఏదో అన్నాడు. కృష్ణప్రసాద్ మా నాన్నకి చెప్పాడు. "ఉడికిన బఠాణీలు తిని కన్నీళ్ళు పెట్టుకున్న మనిషిని ఇంతవరకూ చూడలేదంటున్నాడండి." అందరూ మెల్లగా నవ్వారు. వెళ్ళేటప్పుడు దొర తన పేరున్న కార్డు బాబాయ్ చేతిలో పెట్టాడు. లండన్ కథ ఆ కార్డులోంచే పుట్టింది.

ఫూ అంకుల్ మాత్రం నవ్వలేదు. చల్లటి పాలు గిన్నెడు తెచ్చి, బాబాయ్ ముందు పెట్టి వెళ్ళిపోయాడు. ఏడేళ్ళు అన్నం పెట్టిన మనిషికి తెలియకుండా ఉంటుందా? నాకంటే ముందే తెలిసి ఉంటుంది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర బాబాయ్ పుక్కిలించి ఉమ్మిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను బక్కెట్టుతో నీళ్ళు పోసి కడిగాను.

మెడికల్‌కి నాన్న పంపిస్తే వెళ్ళొచ్చాడు. రొమ్ము ఎక్స్‌రే తీశారు, రక్తం తీసుకున్నారు. నోరు తెరవమని ఎవరూ అనలేదు. రెండేళ్ళకి పర్మిట్ వచ్చింది. బాబాయ్ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఆ రోజంతా మధ్యమధ్యలో తడిమి చూసుకున్నాడు.

కానీ పుండు మానలేదు. అంతకుముందు కారం ఒక్కటే పడేది కాదు, ఇప్పుడు రొట్టె కూడా గుచ్చుకునేది. ఫూ అంకుల్ దుంపల్ని పాలలో జారుగా కలిపి ఇచ్చేవాడు. నవంబరుకి అదీ వెళ్ళలేదు. ఏప్రన్ తాళ్ళు నడుం చుట్టూ రెండుసార్లు తిరిగేవి. నేను రెండుసార్లు నాన్న దగ్గరకి వెళ్ళి, ఊరికే నిలబడి తిరిగొచ్చేశాను. డిసెంబరులో ఆయనే నాన్నని టిక్కెట్టు అడిగాడు.

"మొన్ననే కదయ్యా పర్మిట్ వచ్చింది. ఎక్కడైనా మంచి పని దొరికిందా? ఆ దొర ఏమైనా రాశాడా?"

"నేదండీ. ఇంటికాడ పనున్నాది."

నాన్న నమ్మలేదు. మనసు కష్టపెట్టుకుని, దొర దగ్గరకే వెళ్తున్నాడు కాబోలు అని కొండయ్యతో అన్నాడు. కొండయ్యకి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. బాబాయ్ వెళ్ళిపోయిన వారానికి నేను నాన్నకి జరిగిందంతా చెప్పాను. నాన్న తుడిచిన కౌంటరునే మళ్ళీ తుడిచాడు. "ముందే చెప్పాల్సింది" అన్నాడు. నేను కూడా అదే అనుకుంటున్నాను, ఇప్పటికీ. తర్వాత నాన్న కొండయ్యకి నిజం చెప్పబోయాడు. కొండయ్య విని, "మీకు తెలియదులెండి" అన్నాడు.

విశాఖలో ఆసుపత్రివాళ్ళు బాబాయ్ అంగిలి కొంత తీసేశారని వాళ్ళ తమ్ముడు ఫోన్లో చెప్పాడు. మాట సరిగ్గా రావడం లేదట. గంజి తాగుతున్నాడు. పడవ ఇంకా తెడ్లతోనే నడుస్తోంది.

ఆయన ఇక్కడ వండిన చివరి రోజు చేపల పులుసు పెట్టాడు. దించే ముందు మూత తీసి, ఆవిరి మీదకి మొహం వంచి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచి ఉప్పు చూడమన్నాడు. సరిపోయిందన్నాను. అప్పుడు అడిగాను, ఫూ అంకుల్ పెట్టే ఆ తిండి సంగతి. ఆయన చెప్పింది కొండయ్య కథలో ఎక్కడా లేదు. ఆ ఏడేళ్ళలో ఒక్క పూట కూడా అది ఆయనకి నచ్చలేదు.